జీతం లాంటిదే, దానం కాదు



మా కోనసీమలో గల్ఫ్‌కు ఒక్కరినైనా పంపని సంఘం దాదాపు లేదనే చెప్పాలి. ఆదివారం ఆరాధనలో అయ్యగారు దూరదేశాల్లో ఉన్నవారి కొరకు ప్రార్థన మొదలుపెట్టగానే స్త్రీల వైపు సగం గొంతులు మారిపోతాయి. అక్కడినుంచి వచ్చే డబ్బు గురించి, దానితో లేచే స్లాబు ఇళ్ల గురించి అందరం మాట్లాడుకుంటాం. అక్కడ మనిషి ఒంటికి ఏమైనా అయితే ఏమి రావాలి, ఎవరివ్వాలి, ఎక్కడ అడగాలి అన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. చనిపోతే శవం ఎలా తెప్పించాలో మా ఊళ్లో నలుగురికి తెలుసు. బ్రతికి, కాలో చెయ్యో పోగొట్టుకుంటే ఏం చేయాలో తెలిసినవారు ఒక్కరూ లేరు. మా ఇంట్లో ఆ అవసరం వచ్చింది కాబట్టి ఇది రాస్తున్నాను.

మా వారు షట్టరింగ్ కార్పెంటర్. 2016 సెప్టెంబరులో షార్జా వెళ్లారు. పదో తరగతి పాసు కాలేదు కనుక ఆయనది ఎమిగ్రేషన్ అనుమతి కావలసిన పాస్‌పోర్టు. ఒకే కంపెనీలో ఆరేళ్లు చేశారు. మధ్యలో మూడుసార్లు సెలవుకి వచ్చారు. మా చిన్నమ్మాయి పుట్టినప్పుడు లేరు, బాప్తిస్మానికి ఉన్నారు. అలాగే అందరి ఇళ్లలోను జరుగుతుంది, దాన్ని గురించి ప్రత్యేకంగా చెప్పేది లేదు.

2022 ఆగస్టులో పని జరిగేచోట ఇనుప షట్టరింగ్ ప్లేట్ల కట్ట జారి ఆయన కుడికాలి మీద పడింది. మోకాలి కిందనుంచి మడమ వరకు ఎముకలు నలిగాయి. అంబులెన్సులో తీసుకువెళ్లారు. రెండు ఆపరేషన్లు చేసి ప్లేట్లు, స్క్రూలు వేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. ఆ మాటకు మేము దేవుని స్తుతించాం. కాలు మాత్రం అంగుళంన్నర పొట్టిదైపోయింది, మడమ కదలదు. పరంజా ఎక్కే పని ఇక చేయలేరని డాక్టర్లు అప్పుడే చెప్పేశారు.

అసలు కథ ఆ తరువాత మొదలైంది.

అక్టోబరులో కంపెనీ తరఫున కాగితాల పనులు చూసే మనిషి క్యాంపుకు వచ్చాడు. చేతిలో ఒక కాగితం. ఒక పక్క అరబీ, ఒక పక్క ఇంగ్లీషు. "ఇంటికి పోయి విశ్రాంతి తీసుకో. టిక్కెట్టు మేమే ఇస్తాం. 6,000 దిర్హాములు చేతిలో పెడతాం. ఇక్కడ సంతకం చెయ్యి" అన్నాడు. రెండు నెలలుగా మంచంలో ఉన్న మనిషికి ఇల్లు అనే మాట చాలు. ఆ రాత్రి మా వారు ఫోనులో ఎంతో సంతోషంగా మాట్లాడారు. లక్షా ముప్పై వేలు పైన వస్తుంది, పిల్లల్ని చూస్తాను అన్నారు. మా అత్తయ్య అక్కడే కూర్చుని ఏడుస్తూ, "వచ్చెయ్ నాన్నా, డబ్బు ఎవడికి కావాలి, నువ్వు వచ్చెయ్" అంది.

ఆయన గదిలోనే ఉండే జగిత్యాల తమ్ముడు ఒకతను మర్నాడు నాకు ఫోను చేశాడు. ఆ పిల్లవాడిని నేను ఈరోజు వరకు చూడలేదు. "వదినె, అన్నతోని చెప్పు. ఆ కాయితం మీద సంతకం పెట్టొద్దను. మొత్తం ముట్టింది, ఇంక అడగ అని దాంట్ల రాసుంది. పెట్టి విమానం ఎక్కితే నిన్నెవడు పట్టించుకోడు. మా ఊళ్ల ఇద్దరు గిట్లనే పోయిన్రు" అన్నాడు.

నేను ఇంటర్ వరకు చదువుకున్నాను. ఆ కాగితం ఫొటో తెప్పించుకుని ఇంగ్లీషు వైపు మెల్లగా చదివితే ఆ తమ్ముడు చెప్పిందే నిజం. రావలసిన జీతం, సర్వీసు డబ్బు, నష్టపరిహారం, సెలవు డబ్బు అన్నీ అందాయని, కంపెనీ మీద ఇక ఏ హక్కూ లేదని ఉంది. 6,000లో ఏది దేనికో లెక్క లేదు.

ఆ లెక్క మేమే వేశాం. పాఠకులకు ఉపయోగపడుతుందని అంకెలతో సహా రాస్తున్నాను. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి 2 నుంచి కొత్త కార్మిక చట్టం నడుస్తోంది. పనిలో గాయపడినవాడి చికిత్స ఖర్చు యజమానిదే. పని చేయలేని కాలానికి ఆరు నెలలు పూర్తి వేతనం, అప్పటికీ కోలుకోకపోతే ఇంకో ఆరు నెలలు సగం వేతనం ఇవ్వాలి. మనిషి చనిపోయినా, పూర్తిగా శాశ్వత వికలాంగుడైనా 24 నెలల మూల వేతనం పరిహారం. అది 18,000 దిర్హాములకు తగ్గకూడదు, 2 లక్షలకు మించకూడదు. అంగవైకల్యం కొంతవరకే అయితే, ఎంత శాతమో వైద్య కమిటీ తేల్చి, ఆ శాతం ప్రకారం ఇవ్వాలి.

ఇక్కడ మూల వేతనం అనే మాట దగ్గర ఆగండి. మా వారు ఓవర్‌టైముతో కలిపి నెలకు 1,800 వరకు సంపాదించేవారు. కాంట్రాక్టులో మూల వేతనం మాత్రం 1,000. మిగిలినది అలవెన్సులు, అదనపు గంటలు. ఇంటికి డబ్బు పంపేటప్పుడు ఆ తేడా ఎవరికీ పట్టదు. కాలు విరిగినప్పుడు, ఉద్యోగం వదిలేటప్పుడు లెక్క అంతా ఆ వెయ్యి మీదే నడుస్తుంది. ఏజెంటు చూపించేది పెద్ద అంకె. చూసుకోవలసింది చిన్న అంకె.

వెయ్యి చొప్పున 24 నెలలంటే 24,000. కమిటీ ఎంత శాతం వేస్తుందో అప్పటికి తెలియదు. సర్వీసు డబ్బు దీనితో సంబంధం లేకుండా వేరే రావాలి. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులు. ఆరున్నర ఏళ్లకు లెక్క కడితే 150 రోజులు, అంటే 5,000 దిర్హాములు. కాలు బాగున్నా ఆయనకు వచ్చే డబ్బది. అంటే కంపెనీవారు ఆ కాలికి కడుతున్న ఖరీదు ఇంచుమించు వెయ్యి దిర్హాములు. టిక్కెట్టేమో దయతో ఇస్తున్నట్టు చెప్పారు.

నేను మా వారితో, "మీరు రావాలని నాకూ ఉంది. కానీ సంతకం పెట్టకండి" అన్నాను. అత్తయ్య నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఈ సంగతి సంఘంలో తెలిసినప్పుడు రెండు మాటలు వినిపించాయి. ఒకటి, విశ్వాసులం కదా, పరదేశంలో తగాదాలెందుకు, దేవుడే చూసుకుంటాడు అని. రెండోది కాస్త గట్టిది. కాలు చూపించి డబ్బు అడగడం బిచ్చమెత్తడం లాంటిదని ఒక పెద్దాయన నా ఎదుటే అన్నారు. ఆయన మంచివారే. మా వారు పడ్డారని తెలిసిన రోజున మొట్టమొదట మా ఇంటికి వచ్చి మోకరించినది ఆయనే. అందుకే ఆ మాట ఎక్కువ బాధపెట్టింది.

మా కాపరి ఆ వారం కూడికలో ఎవరి పేరూ ఎత్తకుండా ఫిలిప్పీ చెరసాల సంగతి చెప్పారు. పాటలు పాడిన భాగం మనందరికీ వచ్చు. ఆయన తరువాతి భాగం చెప్పారు. విచారణ లేకుండా కొట్టించి చెరలో వేసిన న్యాయాధిపతులు తెల్లవారాక కబురు పంపి గుట్టుగా వెళ్లిపొమ్మంటే, పౌలు అలా వెళ్లడానికి ఒప్పుకోలేదు. వాళ్లే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. తనకు ఆ రాజ్యం చట్టం ప్రకారం ఉన్న హక్కును చెప్పుకున్నాడు. పాటలు పాడినవాడూ, హక్కు అడిగినవాడూ ఒక్కడే అని మా అయ్యగారు ఊరుకున్నారు. ఇక వివరించలేదు. ఆ సాయంత్రమే నన్ను పిలిచి, "ఏ కాగితాలు కావాలో చూద్దాం అమ్మా" అన్నారు.

కాగితాల్లో మొదటి చిక్కు ప్రమాదం రిపోర్టు దగ్గరే వచ్చింది. ఆయన క్యాంపులో జారిపడ్డాడని ఒకచోట రాసి ఉంది. క్యాంపులో జారిపడితే అది పని ప్రమాదం కాదు. అప్పుడు పరిహారం లేదు, ఆరు నెలల జీతమూ లేదు. ఎవరు, ఎందుకు రాశారో నేను చెప్పలేను. మాకు ఆధారమైనది జగిత్యాల తమ్ముడి ఫోను. ప్లేట్లు పడిన చోటును, అంబులెన్సును, తేదీతో సహా ఆ రోజే ఫొటోలు తీసి ఉంచాడు. ఆసుపత్రిలో చేర్చుకున్నప్పటి కాగితంలో ఎక్కడినుంచి తెచ్చారో రాసి ఉంది. ఆ రెండూ లేకపోతే మా మాట నిలిచేది కాదేమో. ఆయన తలకు హెల్మెట్, కాళ్లకు కంపెనీ ఇచ్చిన బూట్లు ఉన్నట్టు కూడా ఆ ఫొటోల్లో కనబడింది. గోడకు అంటించిన భద్రతా నియమాలను కావాలని మీరినవాడికి, తాగి ఉన్నవాడికి పరిహారం తప్పించడానికి చట్టంలో దారి ఉంది. ఎండకు ఉక్కపోసి హెల్మెట్ తీసి పక్కన పెట్టే మన పిల్లలకు ఈ మాట చెప్పండి.

దుబాయిలో మన కాన్సులేట్ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. మన కార్మికులకు న్యాయ సలహా ఉచితంగా ఇస్తారు. షార్జావారికి కూడా ఆ కాన్సులేటే. మా వారు వచ్చీరాని హిందీలో మాట్లాడారు. వాళ్లు చెప్పింది మూడు ముక్కల్లో ఇది: వైద్య కమిటీ శాతం తేల్చేవరకు ఏ సెటిల్‌మెంటు మీదా సంతకం వద్దు, వీసా రద్దుకు ఒప్పుకోవద్దు, అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు నమోదు చెయ్యి. ఫిర్యాదు ఫోనులోనే నమోదైంది. లక్ష దిర్హాములకు మించని కార్మికుల కేసులకు కోర్టు రుసుము కూడా లేదని అప్పుడే తెలిసింది. కోర్టు అనగానే లాయరు, లాయరు అనగానే అప్పు అని మనం భయపడతాం.

గడువు సంగతి ఒకటి. అప్పట్లో హక్కు పుట్టిన నాటినుంచి ఒక ఏడాది లోపల అడగాలని ఉండేది. 2024లో దాన్ని సవరించి, ఉద్యోగం ముగిసిన నాటినుంచి రెండేళ్లు చేశారు. గడువు ఉంది కదా, ఇంటికి వచ్చి అడుగుదామని అనుకోవద్దు. చట్టం ప్రకారం అడగవచ్చు. కానీ పక్క ఊళ్లో అలా వచ్చేసిన ఒకాయన, ఇక్కడినుంచి అరబీలో వకాల్తా రాయించి, ధ్రువీకరణలు చేయించి పంపేసరికి అలిసిపోయి వదిలేశారు. ఆయనకు పోయింది చెయ్యి.

ఫిర్యాదు పడ్డాక కంపెనీ మనిషి స్వరం మారింది. నవంబరునుంచి ఆగిపోయిన జీతం జనవరిలో ఒకేసారి వేశారు. ఫిబ్రవరిలో వైద్య కమిటీ 40 శాతం అని రాసింది. 24,000లో 40 శాతం, 9,600 దిర్హాములు. సర్వీసు డబ్బు 5,000. మొత్తం 14,600, ఆరు నెలల జీతం కాక. మార్చి రెండో వారంలో డబ్బు బ్యాంకులో పడిన తరువాతే ఆయన సంతకం పెట్టారు. ఈసారి కాగితంలో దేనికెంతో విడివిడిగా రాయించారు. మన డబ్బులో మూడు లక్షల పైచిలుకు. జీవితాంతం కుంటే మనిషికి అదేమీ ఎక్కువ కాదు. కాలి వాటాకు వచ్చినది రెండు లక్షల పదిహేను వేల దాకా ఉంటుంది. ఎక్కువ తక్కువల మాట అలా ఉంచండి. ఆయన చేసిన పనికి జీతం ఎలా రావాలో ఆ పనిలో పోయిన కాలికి అది అలా రావాలి. దానం అయితే ఇచ్చేవాడు ఎంతిస్తే అంత తీసుకుని దండం పెడతాం. ఇది దానం కాదు.

ఆ అయిదు నెలలు మాకు సుఖంగా గడవలేదు. క్యాంపులో కర్రల మీద నడుచుకుంటూ మెట్ల కింద గదిలో ఒంటరిగా ఉండేవారు. క్రిస్మస్ రోజున మా పెద్దమ్మాయి వీడియో కాల్‌లో నాన్నను కాలు చూపించమని అడిగితే ఆయన ఫోను పైకెత్తేశారు. మా అత్తయ్య ఆ రాత్రి, "నువ్వు ఒక్క మాట రమ్మంటే వచ్చేసేవాడు" అంది. ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. తల్లి అలాగే అంటుంది.

ఇంటికి వచ్చాక ఇంకో ప్రయాణం. మన దేశం వైపునుంచి రావలసినది ఏమైనా ఉందా అని చూస్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఒకటి ఉంది. 2003లో పెట్టారు. ఎమిగ్రేషన్ అనుమతితో వెళ్లే ప్రతి కార్మికునికీ తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత అంగవైకల్యం కలిగి ఉపాధి పోయినా 10 లక్షల రూపాయలు. 2017లో మార్చిన నియమాల ప్రకారం ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. అంతే. యజమాని మారినా పాలసీ చెల్లుతుంది, ఆన్‌లైనులో కొనసాగించుకోవచ్చు. మా వారి పేరున 2016లో ఏజెంటు పాలసీ తీసుకున్నాడు. ఆ కాగితం మా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. అది రెండేళ్ల పాలసీ అని, 2018లో ముగిసిందని మాకు 2023లో తెలిసింది. 275 రూపాయలు. మా ఊళ్లో పెళ్లి భోజనానికి ఒక ఇస్తరాకు ఖర్చు అంతకంటే ఎక్కువే.

ఈ ఒక్క విషయం మీ ఇళ్లలో ఈ రాత్రే చూసుకోండి. మీవారు అక్కడ ఉంటే వారి పాలసీ నంబరు, ముగిసే తేదీ అడగండి. పదో తరగతి పాసైనవారికి ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు కాబట్టి ఈ పాలసీ వారికి తప్పనిసరి కాదు. అంటే చదువుకున్న పిల్లవాడు ఏ బీమా లేకుండా వెళ్లిపోయే అవకాశమే ఎక్కువ. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పనిలో చేరేవారికైతే పాలసీ లేదు, కాంట్రాక్టు లేదు. ఏ మూల వేతనం మీద లెక్క వేస్తారు?

మన ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్లినవారు మన సంఘాల్లో తక్కువేమీ కాదు. ఎమిగ్రేషన్ అనుమతి కావలసిన స్త్రీకి 30 ఏళ్లు నిండాలని, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని 2016 నుంచి నియమం. మన రాష్ట్రంలో దానికి ఓంక్యాప్ ఉంది, తెలంగాణలో టాంకామ్ ఉంది. ఇంటిపనివారికి చాలాచోట్ల మామూలు కార్మిక చట్టం వర్తించదు, వేరే చట్టం ఉంటుంది. కువైట్‌లో 2015లో అలాంటి చట్టం వచ్చింది. తిండి, బస, వైద్యం యజమానివే అని అందులో ఉంది. కతార్‌లో పని ప్రమాదంలో పూర్తి శాశ్వత వైకల్యానికి పరిహారం 2 లక్షల రియాళ్లు. సౌదీలో గోసీ అనే సామాజిక బీమా సంస్థకు విదేశీ కార్మికుని పేరున కూడా పని ప్రమాదాల కింద 2 శాతం కంపెనీ కట్టాలి. ఒక దేశం లెక్క ఇంకో దేశానికి పనికిరాదు. అందుచేత మావారి అంకెలు చూసి మీవారికీ అంతే వస్తుందనుకోవద్దు.

ఎమిరేట్స్‌లో 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలోను ప్రైవేటు కంపెనీ కార్మికులకు, ఇంటిపనివారికి యజమాని ఆరోగ్య బీమా చేయించాలి. అబుదాబి, దుబాయిల్లో ముందునుంచే ఉంది. షార్జా, అజ్మాన్ వంటి చోట్ల కొత్త. ఆ కార్డు అక్కడి జబ్బుకు పనికొస్తుంది. విమానం దిగాక పనికిరాదు.

ఇక్కడి వైద్యం ఇక్కడి కార్డు మీదే జరగాలి. మా వారు ఆరేళ్లు ఊళ్లో లేరు కాబట్టి ఇంటి సర్వేలో పేరు లేదు. రైస్ కార్డులో చేర్పించడానికి సచివాలయం చుట్టూ రెండు నెలలు తిరిగాం. ఈలోగా కాల్లో ప్లేటు దగ్గర చీము పట్టింది. కార్డు చేతికి వచ్చిన పది రోజులకు రాజమహేంద్రవరంలో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయింది. 2024లో ఆ పథకానికి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మార్చారు. అక్కడి డాక్టరుగారు మొదట అడిగింది షార్జా ఆసుపత్రి ఎక్స్‌రేల సీడీ, ఏ కంపెనీ ప్లేట్లు వేశారో రాసిన కాగితం. జగిత్యాల తమ్ముడి పోరు వల్ల మా వారు వాటిని కూడా తెచ్చుకున్నారు. లేకపోతే ఏ సైజు స్క్రూడ్రైవరు పట్టాలో లోపల చూసుకుని తెలుసుకోవాలి అన్నారు డాక్టరుగారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

వికలాంగుల పింఛనుకు అక్కడి వైద్య కమిటీ రిపోర్టు చెల్లదు. ఇక్కడ సదరం శిబిరంలో మళ్లీ పరీక్ష చేయించాలి. మీసేవలోనో సచివాలయంలోనో స్లాటు తీసుకుని అమలాపురం ఏరియా ఆసుపత్రికి వెళ్లాం. వాళ్లు 52 శాతం వేశారు. అదే కాలు, అక్కడ 40, ఇక్కడ 52. ఎవరి కొలత వారిది. మన చట్టంలో 40 శాతం, ఆపైన ఉంటేనే ఈ సదుపాయాలు. 2023 ఆగస్టునుంచి నెలకు 3,000 పింఛను వచ్చింది. 2024 జులైనుంచి 6,000 అయింది. 2025లో మళ్లీ పరీక్షలకు పిలిచారు. కాలు ఎలాగూ పెరగలేదు కాబట్టి శాతం మారలేదు. తెలంగాణలో ఈ పింఛను 2023 జులైలో 4,016 చేశారు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు ఇవ్వాలని కూడా తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. మంచిదే. కాలు పోయి తిరిగి వచ్చినవాడికి మాత్రం అందులో చోటు లేదు. జగిత్యాల తమ్ముడు ఫోనులో, "చస్తేనే లెక్క వదినె" అన్నాడు.

మా వారు ఇప్పుడు రోడ్డు మీద చిన్న తలుపుల షాపు పెట్టుకున్నారు. కూర్చుని చేసే పని. షార్జా డబ్బులో సగం దానికి, సగం చీటీల బాకీకి పోయింది. పింఛను తీసుకునే రోజున మొదట్లో సిగ్గుపడి లోపల ఉండిపోయేవారు. నేనే తలుపు దగ్గర నిలబడి ఆయన్ను పిలిచేదాన్ని, ఎందుకంటే వేలిముద్ర ఆయనదే కావాలి. ఇప్పుడు ఆయనే కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చుంటున్నారు. బిచ్చం అన్న పెద్దాయన మనవడు కతార్ వెళ్లేముందు కాంట్రాక్టు పట్టుకుని మా షాపుకు వచ్చాడు. పెద్దాయనే పంపించారట.

అప్పటినుంచి శనివారం సాయంత్రాలు గుడి వరండాలో ఒక బల్ల వేస్తున్నాం. మా అయ్యగారు, మా వారు, నేను. వెళ్లబోయేవారు కాంట్రాక్టు తెస్తే మూల వేతనం కింద గీత గీస్తాం. పాలసీ కాగితం అడుగుతాం. అసలు కాగితాలు ఇంటి దగ్గర ఒక జత, ఫోనులో ఒక జత ఉంచుకోమంటాం. పోయిన వారం వచ్చిన అబ్బాయికి అబుదాబిలో డ్రైవరు పని. నెలకు 2,200 అని ఏజెంటు చెప్పాడట. కాగితంలో మూల వేతనం 700 ఉంది. మా వారు ఆ 700 చుట్టూ సున్నా చుట్టి, దీన్ని మార్చి ఇమ్మని అడుగు, ఏమంటాడో వచ్చి చెప్పు అన్నారు. ఆ అబ్బాయి ఇంకా రాలేదు.